సలమాంకాలో రిసెప్షన్ డెస్క్ వెనకాల

ఇంటర్న్‌షిప్‌కి స్పెయిన్ వెళ్ళొచ్చానంటే అందరూ అడిగే మొదటి మాట "ఏ కంపెనీ?" కంపెనీ కాదండీ, సలమాంకా అనే ఊళ్ళో విదేశీయులకి స్పానిష్ నేర్పే స్కూలు అంటే, "టీచర్‌గానా, స్టూడెంట్‌గానా?" రెండూ కాదు, రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని, ఫోన్లు ఎత్తేదాన్ని, జిరాక్సులు తీసేదాన్ని, సోమవారం వచ్చిందంటే కొత్తవాళ్ళకి ఊరు తిప్పి చూపించేదాన్ని అని చెప్పేసరికి ఇంక మూడో ప్రశ్న రాదు, మొహంలో అదో రకం జాలి కనిపిస్తుంది. మా పెద్దమ్మ మాత్రం జాలి గీలి ఏం లేకుండా సీదా అడిగేసింది, "జిరాక్సులు తీసుడు మన తార్నాకల లేదా బిడ్డా, గా పనికి గంత దూరం పోవుడెందుకు?" అని.

ఈ మధ్య కాలేజ్ జూనియర్లు కూడా వరసగా అడుగుతున్నారు, అక్కా ఎలా వెళ్ళావు, వర్త్ ఆ కాదా, డబ్బులు ఇస్తారా అని. ఒక్కొక్కరికీ వాయిస్ నోట్లు పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

నేను తార్నాక ఇఫ్లూలో, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీలో, బీఏ స్పానిష్. హైదరాబాద్‌లో కూర్చుని స్పానిష్ ఏంటి అనుకునేవాళ్ళకి ఒక్క ముక్క: హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీలకి మెక్సికోలో, కొలంబియాలో, స్పెయిన్‌లో కస్టమర్లు ఉంటారు, వాళ్ళ మెయిళ్ళు, ఇన్‌వాయిస్‌లు, కంప్లైంట్లు చూడటానికి భాష వచ్చిన మనిషి కావాలి, ఇంగ్లీష్ ఒక్కటే వచ్చినవాళ్ళ కన్నా జీతం కొంచెం మెరుగ్గానే పడుతుంది. 20 దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, చిన్న బేరమేం కాదు. ఇదంతా మా నాన్నకి ఫస్టియర్‌లోనే చెప్పి ఒప్పించేశా. ఒప్పించడానికి కష్టమైంది ఇంకోటి, ఈ ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ లేదు.

అవును, లేదు. దాచడం దేనికి. సలమాంకా, గ్రనాడా, మాలగా, వాలెన్సియా, ఎక్కడ చూసినా ఇలాంటి స్కూళ్ళు ఉన్నాయి, చాలావాటికి ఏడాది పొడుగునా ఇంటర్న్‌లు వస్తూ పోతూ ఉంటారు. యూరప్ పిల్లలకి ఎరాస్మస్ అని యూరోపియన్ యూనియన్ ఇచ్చే గ్రాంట్ ఉంటుంది కాబట్టి స్కూలు ఏమీ ఇవ్వకపోయినా వాళ్ళకి గడిచిపోతుంది, నాలాగా సొంతంగా మెయిళ్ళు పెట్టుకుని పోయేవాళ్ళకి అదేం లేదు. నాకు కుదిరిన డీల్ ఏంటంటే పొద్దున డెస్క్ దగ్గర పని, మధ్యాహ్నం ఏ క్లాసులో సీటు ఖాళీ ఉంటే ఆ క్లాసులో ఫ్రీగా కూర్చోవచ్చు, శనివారం టూర్ బస్సులో చోటుంటే అదీ ఫ్రీ. రూమ్, తిండి, ఫ్లైట్ టికెట్ మన జేబులోంచే. నాన్న క్యాలెండర్ వెనక కాగితం మీద లెక్కేసి చూసి "అంటే పని నువ్వు చేస్తవ్, పైసలు మనం కడతం, గంతేనా" అన్నాడు. లెక్క కరెక్టే. షేర్డ్ ఫ్లాట్‌లో నా గదికి నెలకి 300 యూరోల చుట్టుపక్కల అయ్యింది, వంట మనమే చేసుకుంటే తిండికి అందులో సగం, అదే మాడ్రిడ్‌లోనో బార్సిలోనాలోనో అయితే ఆ డబ్బులకి గది మాటే ఎత్తరు, అందుకే చిన్న ఊరు చూస్కోండి అంటాను. కానీ అప్పు చేసి మాత్రం పోవద్దు. నిజంగా చెప్తున్నా, అప్పు చేసి పోయేంత విషయం కాదిది.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే రూల్స్ మారుతూనే ఉంటాయి, కాన్సులేట్ సైట్‌లో రాసి ఉన్నదే ఫైనల్. 180 రోజుల్లో 90 రోజులు దాటకుండా ఉండేట్టయితే షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే) షార్ట్ స్టే వీసా, దాటితే నేషనల్ వీసా, దానికి కాగితాలు ఇంకా ఎక్కువ. నాది సమ్మరే కాబట్టి మొదటి రకం. ఇన్సూరెన్స్ కవరేజ్ కనీసం 30,000 యూరోలు ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యం కొన్వేనియో అని ఒక అగ్రిమెంట్, దాని మీద కాలేజీ, స్కూలు, స్టూడెంట్ ముగ్గురూ సంతకాలు పెట్టాలి, రోజుకి ఎన్ని గంటలు, ఏం పని, అక్కడ మన బాధ్యత ఎవరిది అన్నీ అందులో రాసి ఉంటాయి. అది లేకుండా ఎవరైనా "నువ్వు ముందు రా, వచ్చాక చూస్కుందాం" అన్నారంటే ఆ మెయిల్‌కి రిప్లై కూడా ఇవ్వొద్దు. వీసా అపాయింట్‌మెంట్‌కి ముందు చిలుకూరులో 11 ప్రదక్షిణలు, స్టాంప్ పడ్డాక 108, ఇది వేరే చెప్పక్కర్లేదు కదా, హైదరాబాద్‌లో పుట్టి ఇది చెయ్యకపోతే అమ్మ శంషాబాద్ దాకా కూడా రానివ్వదు.

పేరు గోల ఇంకోటి. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు, మామూలుగా నాన్న వైపుది ఒకటి, అమ్మ వైపుది ఒకటి, పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు, ఈ ఒక్క విషయంలో వాళ్ళకి దండం పెట్టొచ్చు. ఫారాల్లో కూడా రెండు గడులుంటాయి. నాకున్నది ఒక్క ఇంటిపేరు, స్కూల్ సాఫ్ట్‌వేర్ రెండో గడి ఖాళీగా ఉంటే ముందుకి పోనివ్వలేదు, ఆఫీసులో ఆవిడ కాసేపు ఆలోచించి అక్కడ ఒక ఫుల్‌స్టాప్ పెట్టేసింది. సమ్మరంతా నా ఐడీ కార్డు మీద పేరు, ఇంటిపేరు, చుక్క.

శంషాబాద్ నుంచి దోహా, అక్కణ్ణించి మాడ్రిడ్, మాడ్రిడ్ నుంచి బస్సులో రెండున్నర గంటలు. సలమాంకా జనాభా లక్షన్నర కూడా ఉండదు, తెచ్చి హైదరాబాద్‌లో ఒక మూల పెడితే ఎవరికీ కనపడదు. కానీ యూనివర్సిటీ 1218లో పెట్టింది, స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. స్పానిష్‌కి మొదటి వ్యాకరణం రాసిన నెబ్రిహా ఇక్కడే చదువు చెప్పాడు, ఆ పుస్తకం 1492లో వచ్చింది, కొలంబస్ పడవలు కదిలిన సంవత్సరమే. ఇప్పుడు స్పానిష్ ఎంత వచ్చో తేల్చడానికి ప్రపంచమంతా రాసే డేలే పరీక్ష ఉంది చూశారా, సర్టిఫికెట్ మీద ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ అని ఉంటుంది గానీ పేపర్ల తయారీలో ఏళ్ళ తరబడి సలమాంకా యూనివర్సిటీ చెయ్యి కూడా ఉండేది. అంటే భాష నేర్పడం ఆ ఊరికి కొత్తగా పెట్టుకున్న బిజినెస్ ఏం కాదు, తాతల నాటి నుంచి వస్తున్న వృత్తి.

ఇక సోమవారం గురించి చెప్పాలి. స్కూల్లో అసలు సినిమా అంతా సోమవారమే.

కొత్తవాళ్ళు ఆదివారం రాత్రికి దిగుతారు, సోమవారం పొద్దున్నే రిసెప్షన్ కిక్కిరిసిపోతుంది, జర్మనీ నుంచి రిటైరైన డాక్టర్ గారు, అమెరికా కాలేజీ పిల్లల గుంపు, అరుచుకుంటూ ఇటలీ టీనేజర్లు, ఒక మూల గోడకి ఆనుకుని జపాన్ అమ్మాయి, అందరూ ఒకేసారి వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. వాళ్ళకి ముందు ఒక రాత పరీక్ష పెడతారు. ఎవరికి ఎంత వచ్చో చూసి గ్రూపులు చెయ్యడానికి అన్నమాట. ప్రశ్నలు తేలిగ్గా మొదలై పోనుపోనూ కష్టమవుతాయి, తెలియని చోటు రాగానే ఆపెయ్యండి, ఊహించి టిక్కులు పెట్టొద్దు అని చెప్పడం నా డ్యూటీ, ఎవరూ ఆపరు అది వేరే విషయం. తర్వాత ఒక టీచర్ కాసేపు మాట్లాడిస్తుంది. ఆ రెండూ కలిపి ఏ1 (అప్పుడే మొదలుపెట్టినవాళ్ళు) నుంచి సీ2 (పూర్తిగా వచ్చినవాళ్ళు) దాకా ఎక్కడో ఒక చోట పడతారు. పేపర్లు దిద్దేటప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని, చూసి చూసి నాకూ అర్థమైపోయింది, స్పానిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పడానికి రెండు రకాల క్రియలు ఉంటాయి, ఒకటి ఫలానా రోజు జరిగి అయిపోయినదానికి, ఇంకోటి అప్పట్లో ఎప్పుడూ అలా జరుగుతూ ఉండేది అని చెప్పడానికి, చాలామంది బండి ఆ రెండిటి మధ్యే ఆగిపోతుంది. అది దాటినవాళ్ళు సబ్‌జంక్టివ్ దగ్గర, అంటే కోరిక, అనుమానం లాంటివి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం దగ్గర ఆగుతారు. సబ్‌జంక్టివ్ కూడా దాటినవాళ్ళు వస్తే టీచర్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి వేరే గ్రూపు తెరవాలి, దానికి గది వెతకాలి.

ఒక సోమవారం లాస్ ఏంజెలెస్ నుంచి ఒకబ్బాయి వచ్చాడు, అమ్మానాన్నలది మెక్సికో. రిసెప్షన్‌లో నాతో మాట్లాడుతుంటే నాకే సగం అందలేదు, అంత స్పీడు, మధ్యలో జోకులు కూడా. రాత పరీక్ష పేపర్ వచ్చాక చూస్తే ఏ2. హెచ్ పలకరు కాబట్టి రాయడంలో కూడా ఎగరగొట్టేశాడు, బీ, వీ రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చేతికొచ్చింది రాశాడు, అక్షరాల మీద పెట్టే గీతలు ఒక్కటి కూడా లేవు. ఏ2 గ్రూపులో వెయ్యాలంటే అక్కడ "నా పేరు ఫలానా, నిన్న నేను సినిమాకి వెళ్ళాను" దగ్గర ఉన్నారు, సీ1లో వెయ్యాలంటే అక్కడ వ్యాసం రాయిస్తారు. హెడ్ టీచర్ పెద్దగా హడావిడి పడలేదు, ఇలాంటివాళ్ళు అమెరికా నుంచి ఎప్పుడూ వస్తారట, వీళ్ళకి భాష రాక కాదు, బడిలో ఎవరూ నేర్పక, కాబట్టి మాట్లాడే క్లాసు పైవాళ్ళతో, రాత మాత్రం విడిగా కూర్చోబెట్టి, అదీ మొదటి నుంచి కాదు, వాడికి తెలిసిన మాటల్నే తీసుకుని వాటి స్పెల్లింగ్ నుంచి. ఆ అబ్బాయి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు పాపం, మా అమ్మమ్మకి ఈ మార్కులు తెలియకూడదు అన్నాడు.

నాకు అక్కడే మా మేనమామ పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళేం న్యూజెర్సీలో లేరు, ఇక్కడే మల్కాజ్‌గిరిలో ఉంటారు, ఇంట్లో తెలుగే, కొట్టుకునేది తిట్టుకునేది అంతా తెలుగులోనే, కానీ ఆర్టీసీ బస్సు బోర్డు చదవమంటే నంబర్ ఒక్కటే చదువుతారు. వాళ్ళని అ అమ్మ, ఆ ఆవు దగ్గర కూర్చోబెడితే అవమానం ఫీలై పారిపోతారు, పై క్లాసులో కూర్చోబెడితే అక్కడ పద్యానికి ప్రతిపదార్థం. మధ్యలో వాళ్ళ కోసమంటూ ఒక గది లేదు. తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది, రావాల్సిందే, నేనేం కాదనను. కానీ తప్పనిసరి చెయ్యడం వేరు, ఏ పిల్లాడు ఎక్కడ ఉన్నాడో చూసి అక్కణ్ణించి ఎత్తుకోవడం వేరు, ఆ రెండోది చెయ్యడానికి సోమవారం పొద్దున ఒక కాగితం, ఒక టీచరు, కాసేపు కబుర్లు చాలు, దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదని నా కళ్ళతో చూశా.

పరీక్ష అయ్యాక గ్రూపుల లిస్టు రెడీ అయ్యేలోపు కొత్తవాళ్ళని ఊళ్ళో తిప్పుకు రావాలి, అదీ నా పనే. ఊరి మధ్య పెద్ద చౌరస్తా ప్లాసా మయోర్‌లో గడియారం కింద మొదలు, ఎందుకంటే ఆ ఊళ్ళో ఎవరిని ఎవరు కలవాలన్నా గడియారం కిందే కలుస్తారు, అక్కణ్ణించి యూనివర్సిటీ ముఖద్వారం. ఆ గోడ నిండా రాతి చెక్కడాలు, వాటిలో ఎక్కడో ఒక పుర్రె, దాని మీద ఒక బుల్లి కప్ప. ఎవరి సాయం లేకుండా కప్పని కనిపెట్టిన స్టూడెంట్ పరీక్ష పాసవుతాడని నమ్మకం. ఎండలో అందరూ మెడలు వెనక్కి వంచి వెతుకుతుంటే నేను పక్కన నిలబడి నాకొచ్చిన స్పానిష్‌లో చిలుకూరు బాలాజీ గురించి చెప్పేదాన్ని, వీసా కోసం 11 చుట్లు, వచ్చాక 108 అని. కప్ప మీద వచ్చిన దానికన్నా దీని మీదే ఎక్కువ డౌట్లు వచ్చేవి, వీసా రాకపోతే ఆ 11 వేస్టా అని ఒక డచ్ ఆయన చాలా సీరియస్‌గా అడిగాడు. కొత్త కెథెడ్రల్ గుమ్మం మీద స్పేస్‌సూట్ వేసుకున్న ఆస్ట్రోనాట్ బొమ్మ కూడా ఉంది, 1992లో రిపేర్లు చేసినప్పుడు చెక్కారు, పిల్లలు ఫొటోలన్నీ దానికే తీస్తారు, మిగతా గుడి ఎవరికీ పట్టదు.

ఇంక సెన్యోరాలు. వాళ్ళ గురించి రాయాలంటే వేరే పోస్ట్ కావాలి.

స్టూడెంట్లలో చాలామంది ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. ఇళ్ళంటే ఎక్కువగా పిల్లలు ఉద్యోగాలకి మాడ్రిడ్ వెళ్ళిపోయి గదులు ఖాళీ అయిన పెద్దావిడలవి, వాళ్ళే సెన్యోరాలు. స్కూల్ దగ్గర ఒక్కో ఇంటికి ఒక కార్డు, లిఫ్ట్ ఉందా, కుక్క ఉందా, సిగరెట్ ఒప్పుకుంటారా, శాకాహారం వండుతారా, స్కూలుకి నడిచి ఎంతసేపు. ఇటు స్టూడెంట్ ఫారంలో కుక్కలంటే భయం, పాలు పడవు, ఒక్కడికే గది కావాలి. ఈ రెండిటినీ కలిపి జతలు చెయ్యడం నా టేబుల్ మీద పడింది, మ్యారేజ్ బ్యూరోలో ఉద్యోగం చేసినట్టే ఉండేది, ఇక్కడ కూడా ఫొటో చూసి ఓకే అన్నవాళ్ళే మూడో రోజు ఫోన్ చేస్తారు.

ఫోన్లు దేని గురించి అనుకుంటున్నారు, చెప్పుల గురించి. మనం గడప బయటే చెప్పులు వదిలేస్తాం కదా, అక్కడ ఇంట్లో వట్టి కాళ్ళతో తిరిగితే ఒప్పుకోరు, జలుబు చేస్తుందని కొంత, చూడ్డానికి బాగోదని కొంత, ఇంట్లో వేసుకునే చెప్పులు వేరే ఉంటాయి. ఒక సెన్యోరా వారంలో మూడోసారి ఫోన్ చేసి "ఆ కొరియా పిల్ల మళ్ళీ ఉత్త కాళ్ళతో తిరుగుతోంది, రేపు జ్వరమొస్తే ఎవరిది బాధ్యత" అని నా మీద అరుస్తుంటే నేను లోపల్లోపల ఆ పిల్ల పార్టీయే. వేడినీళ్ళ మీద ఇంకో గొడవ, అరగంట స్నానం చేస్తే ఆవిడకి గ్యాస్ బిల్లు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది, అమెరికా పిల్లలకి ఆరింటికే ఆకలి, మధ్యలో ఫ్రిజ్ తీసి తినేస్తే అదో పంచాయితీ. ఇక వెజిటేరియన్ సంగతి, ఫారంలో శాకాహారి అని రాస్తే కొన్ని ఇళ్ళల్లో మాంసం ముక్క పెట్టరు, అంతవరకే, సలాడ్‌లో ట్యూనా ఉంటుంది, పప్పులో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ వేసి ఉడికించి వడ్డించేటప్పుడు ముక్కలు ఏరి పక్కన పెడతారు, తీసేశా కదమ్మా ఇంకేంటి అంటారు. అందుకని నేను గడిలో ఆ ఒక్క మాటతో వదలకుండా మొత్తం రాసేదాన్ని, చేప వద్దు, హామోన్ (పంది తొడ మాంసం) వద్దు, ఉడికేటప్పుడు కూడా వెయ్యొద్దు, గుడ్డు పర్లేదా లేదా. మన దగ్గర్నుంచి వెళ్ళే శాకాహారులు ఇది గుర్తుపెట్టుకోండి, గుడ్డు తింటే మాత్రం బతికిపోతారు, తోర్తియా అని ఆలూ గుడ్డు కలిపి మందంగా అట్టులాగా వేస్తారు, ఏ బార్‌లో అడిగినా దొరుకుతుంది.

నేనైతే ఫ్లాట్‌లో ఉన్నా, డబ్బుల కోసం. మళ్ళీ ఛాన్స్ వస్తే కనీసం కొన్నాళ్ళు సెన్యోరా ఇంట్లోనే ఉంటా. ఎందుకంటే డెస్క్ వెనకాల కూర్చుని చూస్తే తెలిసిపోయేది, ఒకే రోజు ఒకే గ్రూపులో చేరినవాళ్ళలో ఇంట్లో ఉన్నవాళ్ళు రెండో వారానికి గలగలా మాట్లాడేవాళ్ళు, ఫ్లాట్‌లో తమ దేశం వాళ్ళతోనే ఉన్నవాళ్ళు ఇంకా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పట్టుకుని తిరిగేవాళ్ళు. సెన్యోరాకి గ్రామర్ రూల్ తెలియదు, అడిగితే "అలాగే అంటాం" అంటుంది, కానీ టీవీలో వార్తలు చూస్తూ ప్రతి నాయకుణ్ణీ తిడుతూ నీ వైపు తిరిగి "కదా?" అంటుంది, నువ్వు ఏదో ఒకటి అనాలి, అనకపోతే సూప్ పెట్టదు.

సెన్యోరా చేసే ఆ పని నాకు డెస్క్ మీది ఫోనే చేసిపెట్టింది. ఎదురుగా మనిషి ఉంటే చేతులు ఊపి, నవ్వి, కాగితం మీద బొమ్మ గీసి ఎలాగోలా లాగించేయొచ్చు, ఫోన్‌లో అవేం కుదరవు. దీగమే (చెప్పండి) అని ఎత్తగానే అవతల ప్లంబరో, బస్సు కంపెనీ వాళ్ళో, దక్షిణాది నుంచి మాటల చివర సకారాలు మింగేసే ఎవరో ఒక తండ్రి, వాళ్ళకి నేను ఇండియా అని తెలియదు, నా కోసం మెల్లగా మాట్లాడరు. మన తెలుగువాళ్ళకి ఉచ్చారణ సగం ముందే వచ్చేసి ఉంటుంది, అది మాత్రం మనకి పెద్ద లాభం, అచ్చులు ఐదే, మన అ ఎ ఇ ఒ ఉ లాంటివే, త, ద మన నోట్లో ఉన్నవే, ర గట్టిగా దొర్లించడం అమెరికా పిల్లలకి వారాలు పడుతుంటే మనకి పుట్టుకతోనే వచ్చు. మనకి తేడా కొట్టేది ఎక్కడ ఒత్తి పలకాలి అన్న దగ్గర. మన భాషలో ఏ అక్షరం మీద బరువు వేసినా అర్థం మారదు, అక్కడ పాగో అని ముందు బరువు వేస్తే నేను కడతాను, పగో అని చివర వేస్తే ఆయన కట్టేశాడు. ఫీజుల గురించి ఫోన్ వచ్చినప్పుడు ఈ తేడా సరిగ్గా వినపడకపోతే అకౌంట్స్ ఆవిడతో నాకు మూడింది. క్లాసులో ఇది ఫస్ట్ సెమిస్టర్‌లోనే చెప్పారు, చెవికెక్కింది మాత్రం ఆ డెస్క్ దగ్గరే.

జర్మన్ల గురించి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ఉద్యోగస్తులకి ఏడాదికి ఐదు రోజులు చదువు సెలవు ఉంటుంది, జీతం కట్ అవ్వదు, గుర్తింపు ఉన్న కోర్సయితే ఆ సెలవు పెట్టి స్పెయిన్ వచ్చి స్పానిష్ నేర్చుకోవచ్చు. రోజుకి ఎన్ని గంటలు క్లాసు, ఏ రోజు వచ్చారు అని వాళ్ళ ఆఫీసుకి ఇచ్చే సర్టిఫికెట్లు ప్రింట్ తీసి స్టాంప్ వేసేది నేనే. నాన్నకి ఫోన్‌లో చెబితే నమ్మలేదు, జీతమిచ్చి సెలవిచ్చి సంబంధం లేని భాష నేర్చుకోనిస్తారా అని. క్లాసులో పన్నెండేళ్ళు బస్సు డ్రైవర్ జాబ్ చేసినాయన, బ్యాంకు మేనేజరూ పక్కపక్కన కూర్చుని ఒకే తప్పు చేస్తూ నవ్వుకోవడం చూస్తే నాకు ముచ్చటేసేది, మన దగ్గర నలభై దాటినవాళ్ళు కొత్త భాష క్లాసులో కూర్చుంటే ఇంట్లోవాళ్ళే ఎగతాళి చేస్తారు.

మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదు దాకా చాలా షాపులు మూసేస్తారు, ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు ఉండవు, జూన్‌లో కూడా రాత్రి చలేస్తుంది ఎందుకంటే ఊరు దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది. వాన్ డైక్ వీధిలో చిన్న ప్లేట్లు చవగ్గా దొరుకుతాయి. అంతే, టూరిజం ముక్కలు ఇంతకన్నా రాయను, వీడియోలు బోలెడున్నాయి.

నేను వెనక్కి మోసుకొచ్చిన ఆలోచన వేరే. ఒక స్కూలు నడవాలంటే టీచర్లు మాత్రమే కాదు, గదులిచ్చే సెన్యోరాలు, శనివారం ఆవిలాకి, సెగోవియాకి తీసుకెళ్ళే బస్సాయన, పొద్దున పదకొండింటి బ్రేక్‌లో అందరికీ కాఫీ పోసే బార్ వాడు, పుస్తకాలు అమ్మే షాపు, వీళ్ళందరికీ ఎదుటివాడి వంకర స్పానిష్ వినే ఓపిక, ఇదంతా కలిపితేనే భాష నేర్పడం. కాఫీ అడగడంలో తడబడితే బార్ వాడు ఇంగ్లీష్‌లోకి మారడు, ఆగుతాడు. మనం ఆగం. మనతో ఎవరైనా ముక్కలు ముక్కలుగా తెలుగు మాట్లాడితే ముచ్చటపడి చప్పట్లు కొట్టి వెంటనే హిందీలోకి మారిపోతాం, అది మర్యాద అనుకుంటాం. హైదరాబాద్‌కి ఉద్యోగాలకి లక్షల మంది వస్తున్నారు, ఏళ్ళ తరబడి ఉంటున్నారు, తెలుగు రాదు అని వాళ్ళ మీద విసుక్కుంటాం గానీ నేర్చుకుందామనుకున్నవాళ్ళకి మనం ఇచ్చే చోటు ఏది, అక్కడక్కడ క్లాసులు ఉన్నాయి కాదనను, కానీ ఊరు ఊరంతా చెయ్యాల్సిన పని కదా అది.

మా ఇంటి పై పోర్షన్‌లో ఒడిశా వాళ్ళు ఉంటారు, భార్యాభర్తలిద్దరికీ పోచారంలో జాబ్. ఆమె అమ్మని ఎప్పణ్ణించో అడుగుతోంది ఆంటీ తెలుగు నేర్పండి అని, అమ్మ పాపం పెద్దబాలశిక్ష తెచ్చి ముందు పెట్టేది, అక్కడితో ఆగేది. నేనొచ్చాక ఆదివారం పొద్దున మేడ మీద మొదలుపెట్టాం. అక్షరాలు పక్కన పెట్టి ముందు బండి మీద కూరగాయలు, ఆటో బేరం, గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుంది అని ఫోన్ చెయ్యడం. అక్కడ ఒక చిక్కొచ్చింది, ఏ తెలుగు నేర్పాలి? పుస్తకంలో వెళ్తున్నాను, అమ్మ నోట్లో పోతున్న. స్కూల్లో కూడా ఈ గొడవ ఉండేది, స్పెయిన్ పద్ధతిలో పిలుపులు వేరు, మెక్సికో పద్ధతి వేరు, టీచర్ తన ఊరి పద్ధతే నేర్పి రెండోది ఉందని చెప్పి వదిలేసేది. మేమూ అదే చేశాం. ఆమె రోజూ వినేది కూరగాయల బండాయనని, మా అమ్మని, కాబట్టి అమ్మ తెలుగే నేర్పాలి, పుస్తకం తర్వాత చూస్కోవచ్చు. అమ్మ మాత్రం మొదట్లో "నాది మంచి తెలుగు కాదే" అని మొహమాటపడింది, ఇప్పుడు ఆమె తప్పు మాట్లాడితే సెన్యోరా లాగా అరుస్తుంది.

ఉద్యోగం సంగతి అడుగుతారు కాబట్టి: వచ్చాక ఒక ఇంటర్వ్యూలో నా రెజ్యూమె మీద ఏమీ అడగలేదు, ఒక ఫోన్ కాల్ రికార్డింగ్ వినిపించి కస్టమర్‌కి ఏం కావాలో చెప్పమన్నారు. చెప్పాను. జాయిన్ అయ్యాను.

అప్లై చేసేవాళ్ళకి నాలుగు ముక్కలు. సమ్మర్ కోసమైతే జనవరి, ఫిబ్రవరిలోనే మెయిళ్ళు పెట్టండి, జూలై ఆగస్టుల్లో స్కూళ్ళు కిటకిటలాడుతుంటాయి, ఎవరూ చూడరు. మెయిల్ స్పానిష్‌లోనే రాయండి, చిన్నగా, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ లెవెల్, కొన్వేనియో మా కాలేజీ సంతకం చేస్తుంది అని. రిప్లై రాకపోతే పది రోజులాగి ఫోన్ చెయ్యండి, వాళ్ళు సమ్మర్‌లో మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర, లెక్క చూసుకుని చెయ్యండి. మార్కెటింగ్ ఇంటర్న్ అని ఆఫర్ వస్తే ఒకసారి ఆలోచించుకోండి, మన ఇంగ్లీష్ బాగుంటుందని రోజంతా ఇంగ్లీష్‌లో ఇన్‌స్టా కాప్షన్లు రాయిస్తారు, నాతో పాటు ఉన్న పోలండ్ అమ్మాయి అలాగే స్పెయిన్‌లో సమ్మరంతా ఇంగ్లీష్‌లో గడిపి వెళ్ళింది. రిసెప్షన్ కావాలని అడగండి. ఇంటర్వ్యూలో మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే, స్కూల్లో ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఇంటర్న్‌లకి ఆ టెన్షన్ పెట్టం అన్నారంటే థాంక్యూ చెప్పి ఇంకో స్కూల్ చూస్కోండి.